పూర్ణిమ లేనప్పటి వేడి

థర్మోకోల్ సీలింగు పనిచేస్తుందో లేదో పరీక్ష చేసిన రోజు పూర్ణిమ ఇంట్లోనే ఉంది. తప్పంతా అక్కడ జరిగింది.

ఏప్రిల్ నెల. నంద్యాలలో రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకునే మధ్యాహ్నం. సీలింగు బిగించిన మనిషి నడింట్లో నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని, "ఇప్పుడు చెప్పన్నా, ఎట్లుండాది?" అన్నాడు.

"ఊటీ లెక్కుండాది కదప్పా!" అన్నాడు పూర్ణిమ అన్న సురేష్. సీలింగు ఆలోచన అతనిదే. తండ్రి పుల్లయ్య మంచం మీద నుంచి తలాడించాడు. తల్లి విజయమ్మ ఆ మనిషికి రెండో గ్లాసు మజ్జిగ పోసింది. సురేష్ భార్య సంధ్య ఒక్కతే, "మనింట్లో రోజూ ఇట్లే ఉంటాది గదా" అంది గానీ ఆ మాట మిక్సీ మోతలో కలిసిపోయింది. పూర్ణిమ గోడకు ఆనుకుని, పక్క వీధి ప్రైవేటు స్కూలు పేపర్లు దిద్దుతూ కూర్చుని ఉంది. ఆమెకు కూడా తట్టలేదు.

పూర్ణిమ ఉన్నచోట వేడి ఉండదు. పుట్టినప్పటి నుంచీ అంతే. కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టు, కొందరికి మంచి గొంతు ఉన్నట్టు ఆమెకు అదుంది. ఇంట్లోకి వచ్చి కూర్చుంటే అన్నం ఉడికేంత సేపట్లో చల్లదనం మూలమూలకూ పాకేది, గోడ దాటి పక్కింటికీ పోయేది. పక్కింటి చెన్నమ్మ అందుకే ఎండాకాలంలో తన మంచం ఉమ్మడి గోడకు ఆనించి వేసుకునేది. చలికాలం వణుకు సరే, ఏడాది పొడవునా ఇంకో ఇబ్బంది, ఇంట్లో పాలు తోడుకునేవి కావు. విజయమ్మ రాత్రి తోడేసిన గిన్నెను మూడిళ్ళ అవతల పెట్టి వచ్చి పొద్దున్నే తెచ్చుకునేది. బస్సెక్కితే కండక్టరు, "టీచరమ్మా, నడిమిట్లో కూర్చో. ముందరోళ్ళకూ ఎనకోళ్ళకూ అందుతాది" అనేవాడు.

ఇల్లు పాతది. మూరెడు మందం రాతి గోడలు. పైన తాతల నాటి మట్టి మిద్దె ఉండేది. ఏటా వానలకు ముందు చౌడు మట్టి తెచ్చి పరచాలి, తేళ్ళు రాలుతుంటాయి. ఆ బాధ పడలేక పుల్లయ్య మట్టంతా దించేసి సిమెంటు స్లాబు వేయించాడు. వీధిలో అదే మొదటి స్లాబు. ఆ పని అయిన కొద్ది రోజులకే పూర్ణిమ పుట్టింది. కాబట్టి ఆ స్లాబు కింద ఎండాకాలం ఎట్లా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియాల్సిన అవసరం రాలేదు.

తెలిసింది ఒకే ఒక్కసారి. ఆమె సున్నిపెంటకు ట్రైనింగుకు పోయిన వేసవిలో పుల్లయ్య ఇంట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఇంట్లో ఉన్న మనిషికి వడదెబ్బ ఏందని డాక్టరు రెండుసార్లు అడిగాడు. ఆ ఏడే పూర్ణిమకు డోన్‌లో సర్కారు ఉద్యోగం వచ్చింది. చేరలేదు. ఏసీ పెట్టుకుందామంటే ఆ గాలి కొడితే పుల్లయ్యకు కీళ్ళు పట్టేస్తాయి, పాత వైరింగు మాటిమాటికీ కాలిపోతుంది. ఇప్పుడు మళ్ళీ పరీక్ష రాసి, ఆళ్ళగడ్డ ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. వయసు దాటిపోతోంది. ఇది పోతే ఇంకోటి రాదు. సీలింగు దానికోసమే.

ఊటీ లెక్కుందన్నారు కాబట్టి జూన్‌లో పోయి చేరింది. శిల్పుల వీధిలో మరియమ్మ అనే ఆమె ఇంట్లో ఒక గది తీసుకుంది. పొద్దున్నే ఉలి దెబ్బలకు మెలకువ వచ్చేది. తన స్టవ్వు, తన బిందె, తన కిటికీ. కూర ఏం చేయాలో ఎవరినీ అడగక్కర్లేదు. మరియమ్మ ఆమెను మొదటి రోజే చూసి, "నువ్వు చల్లమనిషివా? మా మేనత్తొకతె ఉండేది, వేడిమనిషి. చలికాలం అందరం ఆమె కాడనే పండుకునేది" అని ఊరుకుంది.

నెల తిరక్కుండానే సురేష్ ఫోను చేశాడు. "నాయన మళ్ళీ పడిపోయినాడు. బేగా రా."

ఆసుపత్రిలో పుల్లయ్య చేతికి సెలైను ఎక్కుతోంది. పూర్ణిమ స్టూలు మీద కూర్చునేసరికి వార్డులో నడవగలిగిన రోగులంతా ఒక్కొక్కరే ఆ పక్కకు జరిగారు.

"సీలింగు బాగుంది అనుకుంటిమే పాపా" అన్నాడు పుల్లయ్య నీరసంగా.

"ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉంటిని కద నాయనా" అంది పూర్ణిమ. అన్నాక ఆ మాట తనకే వినబడింది. సురేష్ వైపు చూసింది. సురేష్ సెలైను సీసా వైపు చూశాడు.

ఇక రోజూ ఆళ్ళగడ్డకు పోవడం, మధ్యాహ్నానికే సెలవు పెట్టి నంద్యాల బస్సెక్కడం. హెడ్మిస్ట్రెస్ ఎలిజబెత్ మేడం కొన్నాళ్ళు చూసింది. తర్వాత గదిలోకి పిలిచింది. "నువ్వు మంచి టీచరువే పూర్ణిమా. కానీ సగం టీచరువు. నా పిల్లలకు పరీక్ష మాత్రం పూర్తిగా పెడతారు. ఏదో ఒకటి తేల్చుకో."

వానలు మొదలయ్యాక సీలింగు తన గుణం బయట పెట్టింది. స్లాబులోని చెమ్మ, గాలిలోని చెమ్మ, వంటింటి ఆవిరి అన్నీ షీట్ల పైకి చేరి కూర్చున్నాయి. పోయే దారి లేదు. తెల్లగా ఉన్నవి నల్లటి మచ్చలు వేసుకున్నాయి. ఇల్లంతా నానిన గోనెసంచి వాసన. ఒక మధ్యాహ్నం షీటొకటి ఊడి సురేష్ పప్పన్నం పళ్ళెంలో పడింది.

"ఇది కూడా తిను. నువ్వు ఏరి కోరి తెచ్చిందే గదా" అంది సంధ్య.

పూర్ణిమ స్టూలు వేసుకుని మిగతావన్నీ తన చేత్తోనే పీకేసింది. పైన స్లాబును అరచేత్తో తాకి చూసింది. ఆమె చెయ్యి తగిలితే అదీ చల్లబడింది, కాబట్టి తాకి లాభం లేదు. ఆలోచించాల్సిందే. ఎండ పడేది మిద్దె పైన. వీళ్ళు అడ్డం పెట్టింది మిద్దె కింద. నెత్తి మండుతుంటే అరికాళ్ళ కింద గొడుగు పట్టినట్టు. వేడిని ఇంట్లోకి వచ్చాక కాదు, రాకముందే పైన ఆపాలి. వచ్చిన కాస్తా పోవడానికి దారి ఉండాలి. చెమ్మను ఎక్కడా బంధించకూడదు. పదో తరగతి పిల్లలకు ఇవన్నీ చెప్పేదే. తన ఇంటికి చెప్పుకోలేదంతే.

దసరా సెలవుల్లో మేస్త్రీ సుందరరాజును పిలిచింది. స్లాబు పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి జానెడు మందాన పరిపించి, దిమ్మిసలతో కొట్టించింది. దాని మీద పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు అతికించమంది. ఎండను వచ్చిన దారినే తిప్పి పంపడానికి. మట్టి మిద్దె నాడు కప్పులో ఉండి, స్లాబు వేసినప్పుడు పూడ్చేసిన గాలికంతను, గవాచిని, మళ్ళీ తెరిపించి, వాన పడకుండా చిన్న గొడుగు కట్టించింది. వేడిగాలి ఇంట్లోంచి పైకి పోవడానికి అదే దారి.

పడమటి గోడ దగ్గర మాత్రం సురేష్ అడ్డం తిరిగాడు. పొద్దు వాలేదాకా ఎండ తినే గోడ అది. దానికి జానెడు దూరంలో, ఇనుప పట్టీల మీద, కొలిమిగుండ్ల నాపరాళ్ళు వరసగా నిలబెట్టాలని ఆమె ఆలోచన. ఎండ ఆ రాళ్ళను కాలుస్తుంది, రాళ్ళకూ గోడకూ మధ్య గాలి ఆడుతుంది, గోడ నీడలో ఉంటుంది.

"గోడకు ముందర ఇంగో గోడా? జనాలు నవ్వుతారు మే!"

"నవ్వనీ. నీడలో నిలబడి నవ్వుతారు."

"మేస్త్రీ, నువ్వన్నా చెప్పప్పా."

"నేనేం చెప్పాలన్నా?" అన్నాడు సుందరరాజు. "నేను ఇట్లాంటిది యాడా కట్టలేదు. కడితే తెలుస్తాది."

కూలీలు ఒక్కటే షరతు పెట్టారు. "టీచరమ్మ పైనుంటేనే పని. ఆమె కిందికి దిగితే మేమూ దిగుతాం." పూర్ణిమ సెలవులన్నీ మిద్దె మీదే కుర్చీ వేసుకుని కూర్చుంది. దిమ్మిసల మోతలో నోట్సు రాసుకుంది. పని అనుకున్న దానికంటే ముందే అయిపోయింది. చివరిరోజు తెల్లటి మిద్దె మీద ఎండ పడితే చెన్నమ్మ తన పెరట్లో నిలబడి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏందమ్మే, పున్నమిని తెచ్చి ఎండబెట్టినట్టుండాది" అంది.

అంతా బాగుంది. అయితే ఇల్లు చల్లబడిందో లేదో పూర్ణిమకు తెలిసే వీలు లేదు. ఆ ఇంటి వేడి ఎంతో ఈ లోకంలో ఎప్పటికీ తెలుసుకోలేనిది, దాన్ని బాగుచేసిన మనిషే. వాళ్ళు చెప్పాలి, ఈమె నమ్మాలి.

చలికాలం గడిచింది. మార్చి వచ్చింది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. విజయమ్మ ఫోన్లూ మొదలయ్యాయి.

"కాలిపోతాండాం మే. మీ నాయన వగరుస్తాండాడు."

"మిద్దె పని చేయల్యా అమ్మా?"

"ఏం పని? మునుపటి మాదిరే ఉండాది."

పూర్ణిమ శనివారం పోయింది. మళ్ళీ బుధవారం పోయింది. ఆమె పోయాక ఎటూ చల్లగానే ఉండేది, అందరూ ఆహా అనేవాళ్ళు. ఏప్రిల్ వచ్చేసరికి రోజు విడిచి రోజు పోవాల్సి వచ్చింది. "ఎండాకాలమంతా సెలవు పెట్టేయ్‌. ఇయ్యకపోతే మానేయ్‌. నాయన కంటే ఉద్యోగం ఎక్కువా?" అన్నాడు సురేష్. ఎలిజబెత్ మేడం ఈసారి ఏమీ అనలేదు, టైంటేబుల్లో పూర్ణిమ పేరు పక్కన పెన్సిలుతో ఇంకో పేరు రాసింది. పూర్ణిమ అది చూసింది. ఆ రాత్రి గదిలో తన స్టవ్వు, తన బిందె కూడా చూసింది. తండ్రి ప్రాణం మీదికి వస్తే ఉద్యోగం వదిలేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. రేపు పోయి, కళ్ళారా చూసి, తేల్చేయాలి.

మరునాడు బడి వదలగానే ఫోను చేయకుండా బస్సెక్కింది. నంద్యాలలో దిగేసరికి వీధుల్లో మనుషులు లేరు. వాకిట్లో చెప్పులు విప్పి, కిటికీలోంచి లోపలికి చూసింది.

ఫ్యాను ఆగి ఉంది. కరెంటు ఉంది, ఫ్రిజ్ మీద దీపం వెలుగుతోంది. ఫ్యాను వీళ్ళే ఆపుకున్నారు. సురేష్ నాపరాతి నేల మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. విజయమ్మ చాప మీద ఒక పక్కకు తిరిగి పడుకుంది. పుల్లయ్య మంచం మీద, మెడదాకా దుప్పటి కప్పుకుని, హాయిగా గురక పెడుతున్నాడు.

మెలకువగా ఉన్నది సంధ్య ఒక్కతే. వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. కిటికీలో ఆడబిడ్డను చూసి చెయ్యి ఆపింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పూర్ణిమ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. "ఏమ్మా, కాలిపోతాండారా?"

విజయమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "ఇప్పుడిప్పుడే రోంత తగ్గినాది మే."

"నాయన దుప్పటి?"

"అది దోమలకు."

"మిట్టమధ్యాన్నం దోమలు కూడా పండుకుంటాయత్తా" అంది సంధ్య గడప మీద నుంచి.

దుప్పట్లోంచి పుల్లయ్య గొంతు వచ్చింది. "నేను చెప్తానే ఉండా, సల్లగుండాదని చెప్పేయమని. పోయిన్నెల నుంచి ఫ్యాను గూడా వేసుకోల్యా పాపా. మీ అమ్మ ఇనల్యా."

సురేష్ లేచి, పరిస్థితి చూసి, మళ్ళీ పడుకుందామా అని ఆలోచించాడు.

"ఎందుకమ్మా?" అంది పూర్ణిమ.

విజయమ్మ చాప అంచు పీకింది. "సల్లగుండాది అంటే నువ్వొస్తావా? నువ్వు పుట్టినప్పటి సంది ఎండ పేరు చెప్పే పిలిస్తిమి నిన్ను. ఎండకు రా, నాయనకు బాగలేదు రా, సుట్టాలొచ్చినారు ఉడుకుతాండారు రా అని. ఊరికే రా అని ఎట్ల పిలవాలో నాకు తెలీదు మే."

పూర్ణిమకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు, తను కట్టించింది పనిచేస్తోందన్న సంగతి ఒంట్లోకి ఎక్కింది. లేచి పడమటి గదిలోకి పోయింది. ఎప్పుడో మూటగట్టి దాచిన పాత స్వెట్టరొకటి అక్కడ కుర్చీ మీద ఉంది. తండ్రి పొద్దున పూట వేసుకున్నట్టున్నాడు. ఏప్రిల్‌లో. ఆమె ఒక్కతే నిలబడి నవ్వుకుంది.

తిరిగొచ్చి, సంధ్య ఇచ్చిన మజ్జిగ నిలబడే తాగింది.

"ఇంగ ఎండాకాలం రాను" అంది. "చలి ముదిరినాక వస్తా. డిసెంబరులో. అప్పుడు కూడా నేను కావాలనిపిస్తే, ఊరికే రా అని పిలువు."

"డిసెంబరులోనా?" సురేష్ ఇప్పుడు పూర్తిగా లేచాడు. "నువ్వు ఇంట్లో ఉంటే గడ్డకట్టి పోతాం గదే!"

"కట్టండి."

నాలుగున్నర బస్సుకు ఆళ్ళగడ్డకు వెళ్ళిపోయింది. టైంటేబుల్లో పెన్సిలుతో రాసిన ఆ పేరును ఎలిజబెత్ మేడం తర్వాతి వారం రబ్బరుతో తుడిచేసింది.

ఆ వేసవి తేలికగా పోలేదు. మే నెలలో పేపర్లో నంద్యాల ఎండ సంగతి చదివి, సంచి సర్దుకుని బస్టాండు దాకా పోయింది. అక్కడ సోడా తాగి వెనక్కి వచ్చింది. తండ్రికి ఏమీ కాలేదు. ఫోన్లు కొన్నాళ్ళు పొడిపొడిగా నడిచాయి. ఎండ మాట తీసేస్తే ఏం మాట్లాడాలో విజయమ్మకు తెలియలేదు. "తింటివా?" అని, "ఆఁ" అని, ఇద్దరూ లైను పట్టుకుని ఊరుకునేవాళ్ళు. నెమ్మదిగా మాటలు వచ్చాయి. ఇంట్లోనే పెరుగు తోడుకుంటోందని చెప్పింది. తను పెళ్ళికి ముందు ఏడో తరగతిలో లెక్కల్లో ఫస్టు వచ్చానని చెప్పింది. ఆ సంగతి అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

డిసెంబరు మూడో వారంలో ఫోను వచ్చింది. "ఊరికే రా" అంది విజయమ్మ, పాఠం అప్పజెప్పినట్టు.

పూర్ణిమ పోయింది. అన్నం ఉడికేంత సేపట్లో ఇల్లు మంచుగడ్డయింది. సురేష్ మంకీ టోపీ పెట్టుకున్నాడు. చెన్నమ్మ తన మంచాన్ని ఉమ్మడి గోడకు దూరంగా లాక్కున్న చప్పుడు వినిపించింది. పుల్లయ్య రెండు దుప్పట్లు కప్పుకుని, కూతురి ముందు నుంచి మాత్రం జరగలేదు. సంధ్య జొన్నరొట్టెలు పెనం మీద నుంచి తీసింది తీసినట్టే ఇస్తున్నా, నోటి దగ్గరికి పోయేసరికి చల్లారిపోతున్నాయి. విజయమ్మ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆమె వచ్చి కూతురికి ఆనుకుని కూర్చుంది.

"రే-రేపే పోవల్లా?" అంది వణుకుతూ. "ఇం-ఇంగో రెండు దినాలు ఉండు మే."

పూర్ణిమ ఉంది. ఆ రెండు దినాలూ అయ్యాకే స్కూలుకు తిరిగిపోయింది. ఆ తర్వాత ఏ ఎండాకాలంలోనూ ఆమె నంద్యాలకు పోలేదు. ఏ డిసెంబరులోనూ పోకుండా ఉండలేదు.