నేల లేని కారు

మా బావ దర్జీ. మనిషి వీధి మలుపు తిరుగుతుండగానే నడుము కొలత చెప్పేయగలడు. ఒకసారి ఒక లావుపాటి పెద్దమనిషికి కోటు కుట్టి, మిగిలిన ముక్కలతో వాళ్ళ ఇంటిల్లిపాదికీ చొక్కాలు కుట్టాడు. నమ్మరు కదూ? నమ్మకండి, సగమే నిజం.

కానీ కారు గుడ్డ కాదు. ఆ సంగతి ఆయనకు తెలిసేసరికి మా ఇద్దరి నడుములూ పడిపోయాయి.

ఆ కారు బావ పడుచుతనంలో కొన్నది. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గలు. అలాంటిది ఇప్పుడు రోడ్డు మీద ఇంకొకటి కనబడదు. కనబడితే అది మాదే, వెనక ఎవరో నెడుతుంటారు. మా అక్క మాత్రం ఏళ్ళ తరబడి అందులో కాలు పెట్టలేదు. ఒక వానాకాలం నేల రేకు పుటుక్కున విరిగి, ఆవిడ కాలు సరాసరి రోడ్డు మీదకు దిగింది. ఈ కథ నేను చెప్పేటప్పుడు, అక్క ఒంటికాలితో కారుతో సమానంగా పరిగెత్తి, మలుపు దగ్గర కారునే దాటేసిందని చెబుతాను. నిజానికి కారు అప్పటికి దాదాపు ఆగింది. పోయింది ఒక చెప్పు.

"కాలు దిగిందని కాదురా నా బాధ," అనేది అక్క. "ఈయన దిగి, వంగి, ముందు రేకు చూశారు. 'అయ్యో, ఎంత చిరుగు!' అన్నారు. నా కాలు ఆ తర్వాత గుర్తొచ్చింది."

అప్పట్నుంచి ఎక్కడికి వెళ్ళినా ఆవిడ బస్సులో, ఆయన కారులో. ఇప్పుడు అక్క మోకాళ్ళు అరిగిపోయి బస్సు మెట్టు ఎక్కనివ్వడం లేదు. ఊరి ఆ కొసన ఉన్న మా చెల్లెల్ని చూసి ఎన్నాళ్ళో అయింది. ఇద్దరూ ఫోన్లో ఒకరి మోకాళ్ళను ఒకరు పరామర్శించుకుంటారు, అంతే.

అందుకని బావ నా దగ్గరికొచ్చాడు. ఒళ్ళు వంగినన్నాళ్ళూ నేను కార్ల రేకులు సరిచేసే టింకరింగ్ పని చేసినవాణ్ణి.

"నేల కొత్తది వేద్దాం బావమరిదీ. గట్టిగా కనబడితే ఎక్కుతుంది."

"ఎక్కకపోతే?"

"తుక్కువాడికి ఇచ్చేస్తా. నాకూ ఓపిక అయిపోయింది."

కుట్టుకొట్టు వెనక రేకుల షెడ్డులో పని మొదలుపెట్టాం. సీట్లు ఊడదీసి, తివాచీ ఎత్తితే తడి జంతువు నిద్ర లేచినంత కంపు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే ఎండుటాకులా తుప్పు రాలింది. బావ ఏటేటా తుప్పు మీద రేకు, రేకు మీద తారు, తారు మీద మళ్ళీ రేకు వేసుకుంటూ వచ్చాడు.

"ఇది నేల కాదు బావా, బొంత."

"మాసిక వేస్తే చిరుగు ఆగుతుంది కదా!"

"కింద తడి ఉండగా మాసికేస్తే తుప్పుకు దుప్పటి కప్పినట్టే. హాయిగా పడుకుని తింటుంది. ఇదిగో, ఇక్కడ కన్నం ఉండాలే?"

"దుమ్మొస్తోందని నేనే మూశాను."

"అది నీళ్ళు పోయే దారి, మహానుభావా!"

ఇనుప బ్రష్షుతో గీకాం. గట్టిగా ఉన్నచోట లోహం తెల్లగా మెరిసేదాకా గీకి, గుంటల్లో మిగిలిన ఎరుపు మీద తుప్పుమందు పూశాం. అది నల్లబడి ఆరాక రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టాం. కారును ఇనుప స్టాండ్ల మీదకెత్తి, ఇద్దరం వంతులవారీగా కింద పడుకున్నాం. పడుకున్నవాణ్ణి లేపడం రెండోవాడి పని. సాయంత్రమయ్యేసరికి ఎవరు ఎవర్ని లేపుతున్నామో తెలిసేది కాదు.

పుచ్చిన భాగం కోయక తప్పదు. కోసేముందు తలుపు సందుల్లో ఇనుప కడ్డీలు అడ్డంగా కట్టాలి, లేకపోతే బండి ఒళ్ళు వంగుతుంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అంతలో నడుము పట్టేసింది. మాట నోట్లోనే ఉండగా నన్ను ఇంటికి మోసుకెళ్ళారు.

నేను కోలుకుని వచ్చేదాకా బావ ఆగలేదు. నేల ముందు నుంచి వెనకదాకా కోసేశాడు. కాగితం పరిచి, సుద్దతో గీసి, చొక్కాకు తీసినట్టే నమూనాలు తీసి, కొత్త రేకులు కత్తిరించాడు. అంచుకు అంచు అతికినట్టు కూర్చున్నాయి. ముచ్చటేసి, కడ్డీల సంగతే మరిచిపోయి, అక్కడక్కడా వెల్డింగు చుక్కలు పెట్టేశాను.

తలుపు వేయబోతే పడలేదు.

ఎత్తి వేశాం, నెట్టి వేశాం, బతిమాలి వేశాం. వేలెడు సందు.

"నా కొలత తప్పదే!" అన్నాడు బావ.

"కొలత తప్పలేదు. నేల కోయగానే కారు నడుము వంగింది. నువ్వు వంగినదాన్ని కొలిచావు."

"మనిషి ఎలా నిలబడితే అలాగే కొలుస్తాం. గూని ఉంటే గూనికే కుడతాం."

"గూనివాడికి తలుపులుండవు కదా బావా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బోర్లించిన బకెట్టు మీద కూలబడి, సుద్ద పట్టిన వేళ్ళు చూసుకున్నాడు. "పిలువు తుక్కువాణ్ణి," అన్నాడు.

అప్పుడే టీ తెచ్చిన అక్క గుమ్మంలో నిలబడింది. "మళ్ళీ సరిచేయడం కుదరదట్రా?"

"కుదురుతుంది. చుక్కలు ఊడదీసి, కింద జాకీ పెట్టి కొద్దికొద్దిగా లేపాలి. తలుపు సరిగ్గా పడినచోట కడ్డీలు కట్టేయాలి. జాకీ దగ్గర బావ, వెల్డింగుకు నేను. లోపల కూర్చుని గొళ్ళెం ఎక్కడ తగులుతోందో చెప్పే మనిషి కావాలి."

"పక్కింటాయన్ని పిలుస్తా," అన్నాడు బావ, లేవకుండానే.

మేం రేకులు ఊడదీసేదాకా అక్క అక్కడే నిలబడింది. ఆ తర్వాత చెంగు బిగించి, కారులో ఈ తలుపు గడప నుంచి ఆ తలుపు గడపకు వేసిన చెక్క మీద కూర్చుంది. కాళ్ళు కింద మట్టినేల మీద ఆనాయి.

బావ నోరు తెరిచాడు. "ఎక్కనన్నావుగా?"

"నేలే లేదుగా. ఇంకెక్కడికి పడతాను? తిప్పండి."

బావ జాకీ తిప్పాడు. అక్క తలుపు లాగి చూసింది. "తగులుతోంది." ఇంకొంచెం. "ఇంకా కింద తగులుతోంది." ఇంకొంచెం. టక్కుమంది.

"పడింది!" అంది అక్క.

నేను కడ్డీ అందుకునేలోపే జాకీ కింది చెక్క ఫట్‌మని పగిలింది. కారు దబ్బున దిగింది. స్టాండ్లు పట్టుకున్నాయి కాబట్టి వేలెడంతతో ఆగింది.

బావ కారు మీంచి ఎగిరి అవతల వాలాడని ఇకముందు చెబుతాను. నిజానికి ఆయన పాకాడు. కూర్చోవడానికే మోకాళ్ళ అనుమతి అడిగే మనిషి మట్టిలో పొట్ట ఈడ్చుకుంటూ వెళ్ళి, రెండు చేతులతో అక్క పాదం పట్టుకున్నాడు.

"కాలు! నీ కాలు!"

ఒక్కొక్క వేలూ తడిమి చూశాడు. రెండో పాదమూ చూశాడు. తుప్పు చేతులతో అక్క కాళ్ళు రెండూ ఎర్రగా చేశాడు.

"నా కాళ్ళకేం కాలేదు లెండి," అంది అక్క. "ముందు మీ తలుపు చూసుకోండి."

"తలుపెక్కడికి పోతుంది!" అన్నాడు, కాలు వదలకుండా.

తలుపు మళ్ళీ వేలెడు తెరుచుకుంది. చెక్క మార్చాలి, జాకీ ఎక్కించాలి, అంతా మొదట్నుంచి. ఎవరికీ ఓపిక లేదు. ఆయన మట్టిలో, ఆవిడ చెక్క మీద, నేను బకెట్టు మీద, చల్లారిన టీ తాగుతూ కూర్చున్నాం. ఎవరైనా చూస్తే ముగ్గురం షికారుకు బయల్దేరామనుకునేవారు.

కాసేపటికి అక్క నావైపు తిరిగింది. "చెల్లికి ఫోన్ చెయ్యరా, కారులో వస్తున్నానని చెప్పు."

"ఎప్పుడని అడుగుతుందక్కా."

"నేల వచ్చాక, అను."