తువ్వాలు కింద బేరం

హలో... వినబడుతోందా? బావున్నారా బావలూ, అక్కలూ? పొయ్యి మీద కూర దించేసి రండి, మా అనకాపల్లి ముచ్చట చెబుతాను.

పందొమ్మిది వందల నలభై ఆరు. సత్తియ్య బెల్లం మార్కెట్లో దళారి. యాభై ఎనిమిదేళ్లవాడు. అక్కడ రేటు నోటితో అనరు. తువ్వాలు కప్పి, కింద వేళ్లు పట్టుకుని కుదుర్చుకుంటారు. నోరు జారిన రేటు ఇక కదలదని సత్తియ్య నమ్మకం.

అతని మోకాలి పైన వాపు లేచింది. ఏడాదిపాటు ఆముదం రాశాడు. చివరికి భార్య సీతాలమ్మ రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లింది. డాక్టరు త్రినాధరావు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూశాడు.

"ఎముకలో రాచపుండయ్యా. కాలు తీసెయ్యాలి. తియ్యకపోతే నువ్వు..."

సత్తియ్య గబుక్కున డాక్టరు చేతిమీద తువ్వాలు కప్పేశాడు. "నోటితో అనీకండి బాబూ! గుడ్డ కింద సెప్పండి."

డాక్టరు బిత్తరపోయి సగం వేలు మడిచి ఇచ్చాడు. వేలుకి ఏడాది లెక్కన ఆరు నెలలు.

"కాలిచ్చేత్తేనో?"

రెండు వేళ్లు. సత్తియ్య అయిదూ లాగబోయాడు.

"ఇది నేనిచ్చేది కాదయ్యా! నీ వయసువాళ్లు పదిమందికి కాలు తీస్తే, అయిదేళ్లు బతికేది ఏ ఒకరో ఇద్దరో."

"పది బెల్లం దిమ్మల్లో రెండే బాగుంటే ఆ బండి ఎవుడు కొంతాడు? మీరూ నాలాగ దళారీయే. సరుకుగలాయన్ని పిలవండి."

డాక్టరు తెలియకుండానే పైకప్పు వైపు చూశాడు. గుమ్మంలో గుమిగూడిన రోగులు, "మూడుకి తెగ్గొట్టీండి బాబూ!" అని సలహా ఇచ్చారు.

"గిట్టదు. ఎల్దాం రాయే," అని సత్తియ్య లేచాడు.

సీతాలమ్మ తువ్వాలు కిందకి చెయ్యి దూర్చి డాక్టరు చెయ్యి నొక్కింది. "ఖాయం."

"ఏటే! ఎంతకే?"

"ఎంతిత్తే అంతకి. నలభై ఏళ్లు వండి పెట్టేను, సరుకు నాది. నీకేటి?"

ఖాయమన్నాక వెనక్కి తగ్గిన ఇంటికి మార్కెట్లో మళ్లీ ఎవరూ చెయ్యివ్వరు. సత్తియ్య ఏడుస్తూనే మంచమెక్కాడు.

కాలు పోయింది. కర్రమీద మార్కెట్టుకి వెళ్లి, "మా ఆడదానికి బేరం రాదు, ఇంకో రెండు లాగొచ్చును," అని రెండేళ్లపాటు కనబడ్డవాడికల్లా చెప్పాడు. ఆ మాటే అంటుండగా ఒకరోజు సీతాలమ్మ అన్నం తెచ్చింది.

"తిను మావా. బేరం నిన్నటితో అయిపోయింది. ఇప్పుడు తింతన్నదంతా కొసరే."

ఆ కొసరు నాలుగు నెలలు నడిచింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఎముక మీద వాపుంటే నూనె రాసి ఊరుకోకండి, చూపించండి. ఈ కథ మీ గ్రూపుల్లో నలుగురికి పంపండేం.