రంగు తిరిగిన వెండి

"పసుపు చేత్తో ముట్టుకోకు, ప్రియా" అన్నాడు మా ఆయన యోగేశ్వరన్. భోజనాల బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, నాలుగు వెండి నాణేలను వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. నేను చేప ముక్కలకు పసుపు, కారం పట్టిస్తూ గుమ్మంలో నిలబడ్డాను. ఆ నాణేలు మా అమ్మమ్మ నూకమ్మవి. రబ్బరు తోటలో చెట్ల పాలు తీసి కూడబెట్టుకున్న, ఇంగ్లీషు రాజు తల ఉన్న పాతకాలపు డాలర్లు. పోయేముందు, రెండు నీకు, రెండు చెల్లి సుమతికి అని నా చేతిలో పెట్టింది.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజున ఆ మూటను మా అత్తగారు విప్పింది. "ఇదేటే, ఎండి ఇలా మసిబారిపోనాది? మీ ఇంట్లో ఆడోళ్ళకి తోమడం కూడా రాదేటి?" అని చుట్టాలందరి ముందూ నవ్వింది. ఆ తర్వాత ఈ ఇంట్లో నేను తోమనిదంటూ లేదు, ఆ నాణేలు తప్ప.

ఆయన సైబర్‌జయలో ఉద్యోగం చేస్తూ ఈమధ్య నాణేల పిచ్చిలో పడ్డాడు. అంచున నీలం, లోపలికి గులాబీ, నడుమ బంగారు రంగు. ఏళ్ళ తరబడి గుడ్డలో ఉండి వెండి తిరిగిన ఆ రంగును టోనింగ్ అంటారట. తోమితే పోతుందట. అత్తగారు ఇప్పుడు అదే మసిని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "మావోడి కలెక్షన్" అని చూపిస్తోంది.

"నాలుగూ ఒక్క హోల్డర్లోనే పెట్టిద్దాం" అన్నాడాయన. గ్రేడింగుకు ఇస్తే నాణెం అసలుదో కాదో చూసి, గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తారు. విడిగా కావాలంటే విడిగా, కలిపి కావాలంటే కలిపి. "ఒకే గుడ్డలో ఒకేలా రంగు తిరిగినాయి. పక్కపక్కనుంటేనే అందం. లేబుల్ మీద 'యోగేశ్వరన్ కలెక్షన్' అని ఏయిస్తాను."

"రెండు సుమతివి కదండీ."

"దానికేటి తెల్సు వీటి గురించి? మనకాడుంటే బద్రం."

"సీలేసినాక మళ్ళీ తియ్యొచ్చా?"

"పగలగొట్టాల. గ్రేడు పోతాది. ఎవడు పగలగొడతాడు?"

మొగుణ్ణి వదిలి పేరాక్‌లోని హుటాన్ మెలింటాంగ్‌లో చిన్న కొట్టు పెట్టుకున్న సుమతి నిరుడు ఫోన్ చేసి అడిగింది. "అక్కా, అమ్మమ్మ ఇచ్చినాయి నాకిచ్చీవా? అమ్ముకోను. ఊరికే నాకాడుంటాయి." ఆయనతో చెబితే "తరవాత సూద్దాం" అన్నాడు. ఆ 'తరవాత' అనే మాట నాకు కొత్త కాదు. పోర్ట్ క్లాంగ్ ఆఫీసులో నాకు ఇస్తామన్న సూపర్‌వైజర్ పని, పిల్లలు పెద్దయ్యాక చూద్దామని ఆయన అనడంతో ఆ 'తరవాత'లోకే పోయింది. నా దగ్గర శిక్షణ తీసుకున్నతను ఇప్పుడు నాకు పై అధికారి. 'తరవాత' అంటే 'వద్దు' అని అర్థమని తెలియడానికి నాకింత వయసొచ్చింది. ఇప్పుడు సుమతి మాటకు కూడా పైన ప్లాస్టిక్ వేసి సీలు కొట్టేస్తారు. చెల్లెలి నోరు మూయించడానికి నాణేలు మోసుకెళ్ళేది మాత్రం నేనే.

శనివారం ఆయనకు బ్యాడ్మింటన్. "నీకు సెలవే కదా, ఇచ్చేసి రా" అన్నాడు. కౌలాలంపూర్‌లో నాణేలను గ్రేడింగుకు తీసుకునే దుకాణంలో సుగంధి అనే అమ్మాయి నాణేలను దీపం కింద పెట్టి చూసింది. "ఎంత బాగున్నాయక్కా! కలిపి పెట్టమంటారా, విడిగానా? కలిపితే మళ్ళీ తీయలేరు. మీరేమంటారు?" అని తమిళంలో అడిగింది.

నేనేమంటానని ఒకరు అడగడం నాకు కొత్త. నాణేల వైపు చూశాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు, నాలుగూ పక్కపక్కన ఉంటే కళ్ళు తిప్పుకోలేం. ఆ అందం కోసం చెల్లెలికి లేదని చెప్పాల్సింది మాత్రం నేను.

"రెండూ వద్దమ్మా" అన్నాను. నాణేలు మళ్ళీ గుడ్డలో చుట్టుకుని, బస్ స్టేషన్‌కు వెళ్ళి పేరాక్ వైపు వెళ్ళే బస్సెక్కాను.

ఊరు దాటాక ఆయన ఫోన్. "ఇచ్చీసినావా? నాలుగూ ఒక్కదాంట్లోనే అని సెప్పినావు కదా?"

"నేదండి. సుమతివి సుమతికి ఇచ్చీడానికి ఎళ్తన్నాను. నాయి నాకాడే ఉంటాయి."

"పిచ్చేటి నీకు? మద్దినేల అమ్మకి అన్నం ఎవులు ఎడతారు?" అని ఆగి, "నా లేబుల్ ఏటవుతాది?" అని అరిచాడు.

"అన్నం కుక్కర్లో ఉంది. లేబుల్ కావాలంటే, మీ అమ్మమ్మవి ఏవైనా ఉంటే పట్టికెళ్ళి పెట్టించుకోండి."