పరీక్ష పెట్టకుండానే పొగిడారు

నేను ఒక ద్రావణిని. డీప్ యుటెక్టిక్ సాల్వెంట్ అంటారు నన్ను. రెండు తెల్లటి పొడులను కలిపి వేడిచేస్తే, విడిగా అంత తేలిగ్గా కరగనివి, ఒకదానితో ఒకటి కలిసి చిక్కటి ద్రవమయ్యాయి. అదే నేను. ఒక పొడి కోళ్ల దాణాలో కలిపే కోలిన్ క్లోరైడ్. రెండోది ఆక్సాలిక్ ఆమ్లం, పాలకూరలోనూ ఉంటుంది. నా ఖర్మంతా ఈ పుట్టుకలోనే ఉంది.

కాకినాడలో ఒక కాలేజీ ల్యాబ్‌లో హైమవతి అనే పరిశోధక విద్యార్థిని నన్ను తయారుచేసింది. పాత సెల్‌ఫోన్ బ్యాటరీల్లోని లోహాలను కరిగించి తీయడం నా పని. ఆ పని బాగానే చేస్తాను. నా విసుగల్లా నా గురించి రాసే రాతలతోనే. ఆ ల్యాబ్‌లో ఏ పత్రం తీసినా మొదటి పేరాలోనే 'విషరహితం, పర్యావరణ హితం' అని ఉంటుంది. ఎవరు తేల్చారయ్యా? ఒకరు రాసింది చూసి ఇంకొకరు, వాళ్లను చూసి హైమవతి!

తనిఖీ కమిటీ వచ్చిన రోజున, నా మంచితనం వాళ్లకు కళ్లారా చూపించాలని ఆమె గైడు సోమయాజులు గారికి ఓ ఆలోచన తట్టింది. వరండాలో ఆయన పెంచుకునే చేపల తొట్టి ఉంది. మేత వేస్తూ వాటితో కబుర్లు చెప్పే మనిషాయన. కమిటీని తొట్టి దగ్గరికి పిలిచి నా సీసా మూత తీశారు.

"సార్, చేపల మీద టెస్టు ఇంకా చెయ్యలేదండీ," అంది హైమవతి మెల్లగా.

"ఏంటమ్మా నువ్వూ! ఒకటి కోళ్లు తినేది, ఇంకోటి మనం పప్పులో వేసుకునేది. రెండు మంచివి కలిస్తే చెడ్డదెలా అవుద్ది?"

థీసిస్ మీద ఆయన సంతకం కావాలి. ఆమె నోరు మూసుకుంది. నాకెలాగూ నోరు లేదు.

సీసా మొత్తం వంచేశారు. పాలకూరలో ఉండేది కాస్తంత, నాలో దాదాపు సగం ఆ ఆమ్లమే మహానుభావా అని ఎంత అరవాలనిపించిందో! కమిటీ చప్పట్లు కొట్టి భోజనానికి వెళ్లింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. తర్వాత పక్కకు ఒరిగిపోయాయి.

భోజనం చేసి వచ్చిన సోమయాజులు గారు ముందు తొట్టిలోని గాలి మోటారు ఆగిందనుకుని దాన్ని తిట్టారు. తర్వాత ఓ ఎర్ర చేపను అరచేతిలోకి తీసుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు చూసి జాలేసింది, ఒళ్లూ మండింది.

"ఆ నీళ్లు సింకులో పోసెయ్యమ్మా. ఎలాగూ గ్రీనే కదా," అన్నారు చివరికి.

ఇంకా గ్రీనేనట!

హైమవతి తొట్టి నీళ్లు తోడిన బకెట్‌ను తనవైపు లాక్కుంది. "పొయ్యనండీ. సంతకం సంగతి తర్వాత చూద్దాం. ఎంత కలిస్తే చస్తాయో, ఎంతవరకు బతుకుతాయో ముందు తేలాలండీ."

సోమయాజులు గారు కాదనలేదు. ఇప్పుడు ఆమె నన్ను చుక్కచుక్కగా కొలిచి చూస్తోంది. నేను రాక్షసుణ్ణి కాను, దేవుణ్ణీ కాను. ఎంత అన్నదే నా గురించి అడగాల్సిన ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఇన్ని చేపలు చావాలా?