బంగారు కవచం పలక

"సేనాపతులొచ్చే పలకలన్నీ ఎప్పుడూ నావే కదా, ఇప్పుడెందుకు మారాయి?" అని క్వాయ్‌చన్ అడగడం పొద్దున్నించి ఇది మూడోసారి.

తోటికోడలు లాయ్‌హో తల ఎత్తలేదు. నూనె రాసిన అచ్చుపలక ఒళ్ళో పెట్టుకుని, ఉలి మొన చూసుకుంటున్నట్టు నటిస్తోంది.

"మారితే కొంపేం మునిగింది?" అంది అత్తగారు గుమ్మంలో కూచుని కాకరకాయల్లోంచి గింజలు తీస్తూ. "నువ్వు ఆ వైద్యం పుస్తకం చెక్కు. అది యుద్ధం పుస్తకం చెక్కుతుంది. రెండూ ఈ ఇంటి చేతులే."

"ఆ చేతులు చెక్కిన గుర్రానికి కిందటి నెల అయిదు కాళ్ళొచ్చాయి అత్తయ్యా."

"అయిదోది కాలు కాదమ్మా, తోక," అంది క్వాయ్‌చన్ కూతురు మూయ్‌హింగ్.

"తోకకి గిట్ట ఉంటుందా?"

మూయ్‌హింగ్ ఫక్కున నవ్వింది. లాయ్‌హోకి రోషం వచ్చింది. "తీసుకో అక్కా, నీ పలక నువ్వే తీసుకో. నాకేమన్నా సరదానా? నీకివ్వొద్దని బావగారు చెప్పబట్టి ఉంచుకున్నాను" అనేసి, వెంటనే నాలిక కరుచుకుంది.

"ఎందుకివ్వొద్దన్నారు?"

అత్తగారు కాకరకాయల బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పకుండా లేచిపోవడం క్వాయ్‌చన్ ఎప్పుడూ చూడలేదు.

మాకాంగ్ ఊళ్ళో రాసేది మగవాళ్ళు, చెక్కేది ఆడవాళ్ళు. క్వాయ్‌చన్ భర్త యియుతోంగ్ పల్చటి కాగితం మీద కథ రాసి, దాన్ని బోర్లా పలకకి అతికించి ఇస్తాడు. అక్షరం మిగిలేట్టు చుట్టూ ఉన్న చెక్కని తీసెయ్యడం ఆవిడ పని. ఏం రాసుందో చదవడం ఆవిడకి రాదు, చదవాల్సిన పనీ పడలేదు. కానీ చేతులకి కొన్ని ఆనవాళ్ళు అలవాటైపోయాయి. యుద్ధం పుస్తకాల్లో ఏ సేనాపతి కోటగుమ్మం దాటి బయటికొచ్చినా కథ అక్కడ ఆగుతుంది. ఆగి, అతనికి తలనించి కాళ్ళదాకా బట్టలు తొడుగుతుంది. ఏ సేనాపతికైనా అవే బట్టలు, అవే అక్షరాలు, అదే వరస. అటువంటివి ఇప్పటికి మూడొందలు చెక్కి ఉంటుంది. కళ్ళు మూసుకుని తడిమినా, ఇదుగో కవచం వచ్చింది, ఇదుగో నడికట్టు వచ్చింది అని చెప్పగలదు.

ఆ పలక కిటికీ దగ్గరికి తెచ్చుకుని చూసింది. అదే వరస. పైన శిరస్త్రాణం, తరవాత కవచం. దానికి ముందు సేనాపతి పేరు ఉండాలి. మూడక్షరాలు.

ఆ మూడక్షరాలు ఆవిడకి తెలుసు. ఈ ప్రపంచంలో ఆవిడ చదవగలిగినవి ఆ మూడే. రెండేళ్ళ కిందట పితృదేవతల పీఠం మీద పెట్టడానికి కొడుకు పేరు పలక తన చేత్తోనే చెక్కింది, ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇక్కడ అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అయినా పోల్చుకోడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు. ఫంగ్ వింగ్‌ఫాట్.

"మూయ్‌హింగ్, మీ నాన్నని పిలు."

యియుతోంగ్ మల్బరీ గట్టు మీంచి వచ్చాడు. భార్య ఒళ్ళో పలక చూడగానే, తప్పు చేసి దొరికిన మనిషిలా కాకుండా, దాచిన మిఠాయి బయటపడ్డ మనిషిలా నవ్వాడు.

"చూసేశావా? అచ్చయి వచ్చాక నేనే చదివి వినిపిద్దామనుకున్నాను. ఫోషాన్ పుస్తకాల కొట్టువాళ్ళు కొత్త యుద్ధం కథ కావాలన్నారు. మన ఫాట్‌ని పెట్టాను. చిన్నవాడు కాదు సుమా, ముందు దళానికి నాయకుడు. ఇహ వాడికి చావు లేదు."

"ఏం తొడిగారు వాడికి?"

"చదవనా?" అని గొంతు సవరించుకున్నాడు. "తల మీద నెమలి ఈకలు గుచ్చిన వెండి శిరస్త్రాణం. ఒంటి మీద చేప పొలుసుల్లా మెరిసే బంగారు కవచం. దాని కింద ఎర్రపట్టు అంగీ. నడుముకి సింహం మొహమున్న నడికట్టు. కాళ్ళకి మబ్బులు కుట్టిన జోళ్ళు..."

క్వాయ్‌చన్ చెయ్యెత్తి ఆపింది.

"ఇహ చాలు."

"ఇంకా గుర్రం ఉంది."

"గుర్రం కూడానా!"

ఆవిడ పలక పక్కన పెట్టి లేచింది. "వాడి ఒంటి మీద బట్టలు ఎవరు విప్పారు? మీరా? మీరు వీధి గుమ్మంలో కూచున్నారు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నారు. నేను విప్పాను."

"ఇప్పుడెందుకే అవన్నీ?" అంది అత్తగారు లోపల్నించి.

"ఇప్పుడే కావాలి అత్తయ్యా. యుద్ధం నించి పడవలో మూడు రోజుల తరవాత తెచ్చారు వాణ్ణి. ఎండల్లో. పైన నీలం చొక్కా, ఛాతీ మీద తెల్లగుడ్డ చక్రం, అందులో నల్లగా ఒక అక్షరం, శూరుడు అని అర్థమట. చొక్కా కింద దూది కవచం. తుపాకి గుండు ఆపుతుందన్నారు. దూదా అది? కుట్టుకొట్టు ఊడ్చిన చెత్త, పాత కాగితాలు, వెంట్రుకలు. చర్మంతోపాటు ఊడొచ్చింది నా చేతికి. పురుగులు కుట్ల వెంట వరసగా ఉన్నాయి, నూలు దారం కంటే సన్నంగా. వాడి ఒంటి మీద దెబ్బే లేదు. విన్నావా మూయ్‌హింగ్, నీకెవరూ చెప్పలేదు. మీ అన్నని ఎవరూ కొట్టలేదు. వాన కురిసింది. ఆ చెత్త నీళ్ళు తాగింది. వరిమడిలో బోర్లాపడ్డవాడు దాని బరువుకి మళ్ళీ లేవలేకపోయాడు. మోకాల్లోతు నీళ్ళు."

మూయ్‌హింగ్ చేతిలో ఉలి కింద పెట్టింది. లాయ్‌హో అన్నపు చట్టిలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగింది.

"కథల్లో అలా రాస్తే ఎవరు చదువుతారు?" అన్నాడు యియుతోంగ్ మెల్లిగా. "బట్టలు తొడగడం పద్ధతి. పాతవాళ్ళందరూ అలాగే రాశారు. నేను మాత్రం కొత్తగా చెత్త దూది అని రాయనా?"

"పాతవాళ్ళకి నిజంగా అలాంటి కవచాలుండేవేమో నాకు తెలీదు. మనవాళ్ళకున్నవి మాత్రం చూశాను. వాడి దళపతి వదిలేసి పారిపోయిన కవచం పాతగుడ్డలవాడు తెచ్చాడు, గుర్తుందా? పైన పట్టు, పట్టు నిండా ఇత్తడి గుబ్బలు. గుబ్బ వెనకాల ఇనపరేకు ఉండాలట. మన లాయ్‌హోనే కుట్లు విప్పింది. ఒక్క రేకు లేదు. లోపల ఎలకలు పిల్లల్ని పెట్టాయి."

"అవునక్కా," అంది లాయ్‌హో, గోడ వైపు తిరిగే. "ఏడు పిల్లలు. గులాబీరంగువి."

"నోరు ముయ్యవే," అంది అత్తగారు. బయటికొచ్చి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "చచ్చినవాడికి తండ్రి మంచిబట్ట కట్టాడు. నీకొచ్చిన నష్టమేంటి? ఏటా మనం కాగితం బట్టలు తగలబెట్టి వాడికి పంపడం లేదూ? పోయినేడు పట్టు కోటు కూడా పంపావే నువ్వు!"

"పంపాను. కాగితమని తెలిసే పంపాను అత్తయ్యా. పుచ్చుకున్నవాడికీ తెలుసు కాగితమని. వాడి దగ్గరా మన దగ్గరా దాపరికం లేదు. ఇది అది కాదు. ఇది చూసి టీకొట్టులో నలుగురూ అబ్బో అంటారు. ఆ చెత్త నింపినవాడు కూడా టీ తాగుతూ వింటాడు. విని, చూశారా ఎంత మంచి కవచం ఇచ్చామో అంటాడు."

యియుతోంగ్ మొహం ఎర్రబడింది. "నాకు వాడు కొడుకు కాడా? నాకు మాత్రం ఏం మిగిలింది? రాయడం ఒక్కటే వచ్చు నాకు."

క్వాయ్‌చన్‌కి రోత తగ్గలేదు గానీ, ఆ రోతలో ఆయన వాటా ఎంతో తేల్చుకోవడం కుదరలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకున్న మనిషే, మర్నాడు పీఠం పలక కోసం ఆ పేరు పల్చటి కాగితం మీద రాసిచ్చాడు. రాత కుదరక మూడుసార్లు కాగితం మార్చాడు కూడా. ఆవిడ బంగారు కవచం పలక తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమంతా చెక్కింది. మర్నాడు పొద్దున్న కూడా చెక్కింది. లాయ్‌హో రెండుసార్లు తొంగిచూసి, అక్క మెత్తబడిందని అత్తగారి చెవిలో వేసింది. అత్తగారు ఆ సంతోషంలో ఉప్పుచేప పెద్ద ముక్క పెద్దకోడలి గిన్నెలో వేసింది.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి కూచున్నారు. పట్టుపురుగుల చాపలు కడిగి వచ్చిన మరిది కూడా చేరాడు. క్వాయ్‌చన్ చేపముక్క సగం విరిచి కూతురికిచ్చి, చేతులు కడుక్కుని, పలక తెచ్చి బల్ల మీద గిన్నెల మధ్య పెట్టింది. ముందు వరసలు నిగనిగలాడుతూ లేచి ఉన్నాయి. మూడక్షరాల పేరు వెంట్రుకవాసి చెడకుండా ఉంది. పేరు తరవాత శిరస్త్రాణం, కవచం ఉండాల్సిన నాలుగు వరసలూ ఆవిడ ముట్టుకోలేదు. అతికించిన కాగితం మాత్రం గోకేసింది. నున్నటి చెక్క అలాగే ఉంది.

"ఇది అచ్చేస్తే ఇక్కడ నల్లటి దిమ్మ పడుతుంది వదినా," అన్నాడు మరిది అయోమయంగా. "కొట్టువాళ్ళు ఏం రాసుందని అడుగుతారు."

"అడగనీ. వాడి పేరు తియ్యమని మీ అన్నతో నేననలేదు. కన్నతండ్రి రాసుకున్న పేరు. అది ఉంటుంది." ఆవిడ గొంతు పెంచలేదు. భర్త వైపు తిరిగి, "వాడు కట్టుకున్నవి నేను చెపుతాను. మీరు రాస్తే ఈ చోట అతికించి చెక్కుతాను. రాయలేకపోతే ఇలాగే నల్లగా వెళుతుంది. ఈ నాలుగు వరసల మీద బంగారం మాత్రం ఈ ఇంట్లో ఎవరూ చెక్కరు. లాయ్‌హో కూడా చెక్కదు, మూయ్‌హింగ్ కూడా. ఈ మాట మీ అందరి ముందూ ఒకేసారి చెపుదామని ఆగాను" అంది.