మేకుకు తగిలించిన బూర

పెనం మీద కాఫీ గింజలు చిటపటలాడుతున్నాయి. మాడకుండా నేను కదుపుతూనే ఉన్నాను. పక్కనే పీట మీద కూర్చున్న నానమ్మ, పొగ తన వైపు రావడం లేదని సణుగుతోంది.

"అంత దూరాన పెట్టుకుంటే నా ముక్కుకేం అందుతుందే? ఇటు విసురు."

అప్పుడే వాకిట్లో దగ్గు వినిపించింది. అందరూ మా తలుపు కొడతారు, గాషె అబ్తె మాత్రం దగ్గుతాడు. ముప్పై ఏళ్ళుగా మా పేట చావుల సంఘానికి, ఇద్దిర్‌కు, బూర ఊదే మనిషి ఆయనే. ఎవరైనా పోతే తెల్లవారకముందే వీధుల్లో తిరిగి, మూడుసార్లు బూర ఊది, పేరు చెప్పి కేక వేస్తాడు. ఆ కేక విన్నాక ఇంటికొకరు చావింటికి వెళ్ళి తీరాలి. వెళ్ళనివాళ్ళకు సంఘం జరిమానా వేస్తుంది.

సంఘం గుడారం, కర్రలు, బెంచీలు, పెద్ద వంట గిన్నెలు తాతయ్య కాలం నుంచీ మా పెరటి కొట్టులోనే ఉంటున్నాయి. ఈ నెల వాటికి ముందుగదిలో ఒక పాత కంప్యూటర్, మా ఇంటి కప్పు మీద ఒక లౌడ్‌స్పీకర్ తోడయ్యాయి. ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే మా అన్నయ్య ఫిత్సుమ్ ఆలోచన అది. పనిచేస్తుందని తేలితే బూరకు సెలవిచ్చేద్దామని పెద్దలు అనుకుంటున్నారు. ఆదివారం కూర్చుని తేలుస్తారు.

గాషె అబ్తె ఆదివారం దాకా ఆగలేదు. చంకలోని బూర తీసి ముందుగదిలో మేకుకు తగిలించాడు. అది కాస్త వంకరగా ఉందని మళ్ళీ సర్దాడు.

"వాళ్ళు అడిగేదాకా ఉండడం ఎందుకులే అని తెచ్చేశాను" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

"ఏం అబ్తె, నా చావు కబురు నువ్వే చెప్తావనుకుంటే నన్ను ఈ డబ్బాకి అప్పజెప్పి పోతున్నావా?" అంది నానమ్మ.

"మీరే ఆలస్యం చేశారు ఎమమా. నేను ముప్పై ఏళ్ళు ఎదురుచూశా."

నానమ్మ పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది. నేను ఆయనకు వేయించిన బార్లీ గింజలు పెట్టాను. ఆయన ఒక్కో గింజా నోట్లో వేసుకుంటూ బూర వంక కాకుండా ఇంకెక్కడెక్కడో చూశాడు.

ఫిత్సుమ్‌కు తన పనితనం చూపించుకోవడానికి మనిషి దొరికాడు. కంప్యూటర్ బల్ల దగ్గరికి ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాడు.

"మరి తెల్లారకముందే దీన్ని లేపేదెవరు?" అన్నాడు గాషె అబ్తె.

"ఎవరూ లేపక్కర్లేదు గాషె. కరెంటుంటే చాలు, అదే లేస్తుంది. లేచి నేను రాసిన నాలుగు లైన్లు చదువుకుంటుంది. ఈ ఫోల్డర్‌లో ఫైలేదైనా ఉందా అని చూస్తుంది. ఉంటే, తెరువు అంటుంది."

"ఎవర్ని?"

"లోపల పెద్దమనిషి ఒకడున్నాడనుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్ అంటాం. ఫైల్ పేరు చివరున్న తోక చూసి ఇది పాట, ఇది ఉత్తరం, ఇది ఫొటో అని వాడే పోల్చుకుంటాడు. దానికి తగిన ప్రోగ్రామ్‌ని వాడే లేపుతాడు. ఎవరు తెరవాలో నేను రాయనే లేదు. తెరువు అన్నానంతే!"

ఇది నాకేమీ కొత్త కాదు. మా అన్నయ్య ఇంట్లోనూ అంతే. "కాఫీ" అంటాడు. ఎవరు పెట్టాలో చెప్పడు. కాసేపటికి కప్పు అతని ముందు ఉంటుంది.

"చెప్పాల్సింది చెప్పాక ఆగుతుందా?"

"మీ బూర లెక్కే. మూడుసార్లు చెప్పి ఆగుతుంది."

"మళ్ళీ లేస్తే?"

"గాషె, ముందు మీరు కాఫీ తాగండి."

పరీక్షకు ఒక పేరు కావాల్సి వచ్చింది. బతికున్నవాళ్ళ పేరు పెట్టడానికి అన్నయ్య జంకాడు. నానమ్మే "నాది పెట్టరా, ఎలా ఉంటుందో వింటాను" అంది. అన్నయ్య గొంతు సవరించుకుని ఫోన్‌లో రికార్డు చేసి, దాన్ని ఫోల్డర్‌లో పెట్టాడు. లౌడ్‌స్పీకర్ తీగ పీకేసి, మెషీన్ ఆపి, మళ్ళీ వేశాడు. గదిలోని చిన్న స్పీకర్‌లోంచి అతని గొంతే వచ్చింది: "పేట పెద్ద ఎమమా అసెలెఫెచ్ కన్నుమూశారు. ఇద్దిర్ సభ్యులు గుడారంతో రావాలి."

"అంతేనా? ఎనభై రెండేళ్ళు బతికితే రెండు ముక్కలా? అబ్తె అయితే కనీసం నిట్టూర్చేవాడు" అంది నానమ్మ.

మూడు విడతల కాఫీలో మొదటిది అయింది. అన్నయ్య లౌడ్‌స్పీకర్ తీగ మళ్ళీ తగిలించాడు. అది పూర్తవుతుండగానే కరెంటు పోయింది. మా ఊరు దెబ్రె తాబోర్‌లో దానికెవరూ తలెత్తి చూడరు. కాఫీ కాచే మట్టి కూజాలో, జెబెనాలో, రెండో విడతకు నీళ్ళు పోస్తూ నేనన్నాను:

"అన్నయ్యా, నానమ్మ ఫైల్ ఇంకా అందులోనే ఉంది కదా."

"కరెంటు లేకుండా ఎలా తీయమంటావే? వచ్చాక తీస్తా."

కరెంటు వచ్చేసరికి అన్నయ్య కప్పు నోటి దగ్గరుంది. కంప్యూటర్ అతనికంటే ముందు లేచింది. ఫోల్డర్ చూసుకుంది. తెరువు అంది.

మా నానమ్మ కన్నుమూసిందని ఇంటి కప్పు మీది నుంచి కొండ వైపుకీ, సంత వైపుకీ, వాగు అవతలికీ వినిపించింది. అన్నయ్య కాఫీ ఒలకబోసుకుంటూ పరుగెత్తి, కంగారులో స్క్రీన్ ఆపాడు. స్క్రీన్ నల్లబడింది. గొంతు మాత్రం రెండోసారి మొదలైంది. నేను వెళ్ళి తీగ పీకేసరికి మూడోసారి "గుడారంతో" దాకా వచ్చింది.

వీధిలో ఎవరో గొల్లుమన్నారు.

"జెనెబెచ్ గొంతు. బాగానే ఏడుస్తోందే" అంది నానమ్మ.

జెనెబెచ్ మా ఎదురింటావిడ. చావింటికి వెళ్ళేటప్పటిలా నెతెలా శాలువా అంచు తిరగేసి చుట్టుకుని, గుండె బాదుకుంటూ లోపలికి వచ్చింది. పీట మీద కప్పు పట్టుకుని కూర్చున్న నానమ్మను చూసి గడపలోనే కూలబడింది.

"ఎమమా! మీరు పోలేదా?"

"కాఫీ మధ్యలో ఎలా పోతానే? ఇంకా మూడో విడత ఉంది. కూర్చో."

తరువాత మగవాళ్ళు వచ్చారు. నలుగురు తిన్నగా పెరట్లోకి వెళ్ళి గుడారం కర్రలు భుజానెత్తుకుని వచ్చారు. నానమ్మ వాళ్ళను ఒక్కొక్కరినే లెక్కపెట్టింది.

"మిల్లు లెమ్మా రాలేదేం?"

"మిల్లు ఆడుతోంది ఎమమా, వినపడి ఉండదు."

"జరిమానా రాసుకోండి. నువ్వు మాత్రం పరుగెత్తుకొచ్చావు, నా మీద ప్రేమా, జరిమానా భయమా?"

కర్ర మోస్తున్నవాడు నేల చూశాడు. అందరూ నవ్వారు. అన్నయ్య ఒక్కడే నవ్వలేదు. అతని చెవులు మిరపకాయల్లా ఉన్నాయి.

నవ్వు ఆగాక వాగు అవతలి నుంచి ఏడుపు వినిపించింది. నానమ్మ కప్పు కింద పెట్టింది.

"తిరునెష్" అంది.

తిరునెష్ నానమ్మ చెల్లెలు, ఇల్లు వాగు అవతలే. గుండె జబ్బు మనిషి. మాలో రక్తసంబంధీకులకు చావు కబురు అలా గాలిలో చేరవేయరు. నలుగురు పెద్దలు ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని, మెల్లగా చెబుతారు. ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ తీయలేదు. ఏడుస్తున్న ఇంట్లో ఫోన్ ఎవరు చూస్తారు?

"బతికే ఉందని ఇంకో ఫైల్ చేసి ఫోల్డర్‌లో పడేస్తా, రెండు నిమిషాలు" అంటూ అన్నయ్య కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాత ఫైల్ తీసేశాడు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "పేట పెద్ద ఎమమా అసెలెఫెచ్..." అన్నాక ఏమనాలో తోచక ఆగాడు. బతికున్నారని చెప్పడానికి మా ఇద్దిర్‌లో మాటలు లేవు.

"కాఫీ తాగుతున్నారు అని చెప్పు" అంది జెనెబెచ్.

అతను అదే చెప్పాడు. ఫైల్ చేరింది. తీగ తగిలించాడు. మెషీన్ ఆపి మళ్ళీ వేయబోయాడు. కరెంటు పోయింది.

ఈసారి అందరూ తలెత్తి బల్బు వంక చూశారు. అన్నయ్య రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఎవరైనా..." అన్నాడు. ఎవరో చెప్పలేదు.

గాషె అబ్తెకు నేను అప్పుడే మూడో కప్పు పోశాను. ఆయన దాన్ని కింద పెట్టి లేచాడు. మోకాలు పట్టేసిందేమో, ఒక్క క్షణం గోడ పట్టుకున్నాడు. మేకు మీది నుంచి బూర తీసి, ఊదే మూతిని నెతెలా కొంగుతో తుడుచుకున్నాడు. గడపలో నిలబడ్డ గుడారం కర్రల వాళ్ళు పక్కకు జరిగారు. నేను ఆయన కప్పు మీద సాసర్ బోర్లించాను.

ఆయన ఈసారి దగ్గకుండా, వాగు వైపు దిగే దారిన వెళ్ళిపోయాడు.