ఏదైనా పర్లేదు

పొద్దున షట్టరు పైకి లేవగానే లెన్సమ్మ చేసే మొదటి పని అద్దాలు తుడవడం. షోకేసు అద్దాలు కాదు, చూపు పరీక్ష పెట్టెలోని బిళ్లలు. ఒక్కోదాన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, దాని గాడిలో దాన్ని నిలబెడుతుంది. గోడమీది అక్షరాల బోర్డు వెనక దీపం వేస్తుంది. కుర్చీ ఎత్తు సరిచేస్తుంది. అప్పుడు మొదటి మనిషి కోసం తలుపువైపు చూస్తూ కూర్చుంటుంది. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. లెన్సమ్మ అని పెట్టింది షాపులో ఫ్రేములు బిగించే కుర్రాడు, స్క్రూ. స్క్రూకి ఆ పేరు ఎవరు పెట్టారో స్క్రూకే తెలీదు.

వచ్చినవాళ్ల ముక్కుమీద పరీక్ష ఫ్రేము పెట్టి, ఒక బిళ్ల వేసి, తీసి, ఇంకోటి వేసి అడుగుతుంది. ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా? పదిమందిలో తొమ్మిదిమంది ఒకటే జవాబు చెబుతారు: రెండూ పర్లేదండీ. అక్కడ మాత్రం లెన్సమ్మ ఊరుకోదు.

"కళ్లకి పర్లేదు అనేది ఉండదండీ. ఇదో అదో చెప్పండి."

అంత కచ్చితంగా అడిగే మనిషి ఆ గదిలోంచి బయటికి రాగానే కరిగిపోతుంది. చల్లారిన కాఫీ పర్లేదు. సెలవురోజు డ్యూటీ పర్లేదు. తన గొడుగు ఎవరో పట్టుకుపోయి ఊచ విరిచి తెచ్చినా పర్లేదు. నిన్ను కుక్క కరిస్తే దానికి పళ్లు నొప్పెట్టాయేమోనని కనుక్కుని, పర్లేదులే అని పంపిస్తావు అనేవాడు స్క్రూ. దానికి కూడా ఆమె నవ్వేసి ఆ మాటే అనేది.

ఆ రోజుల్లో ఊరంతా ఒకటే గోల, కొత్త బార్ గురించి. పాత గోడౌను మీద మేడలో పెట్టారు. బోర్డు లేదు. బోర్డు లేకపోవడమే దాని బోర్డు. మెట్లకింద నిలబడి ఫొటో దిగనివాడు మనిషే కాదన్నట్టు ఉండేది వ్యవహారం. వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారంటే అందరూ వెళ్తున్నారని, అందరూ ఎందుకు వెళ్తున్నారంటే వీళ్లు వెళ్లొచ్చారని.

వెళ్లొచ్చిన ప్రతివాళ్లూ ఒక మాట అక్కడ వదిలేసి వచ్చేవాళ్లు. గొడుగు మర్చిపోయినట్టు. ఏది పోతుందో ముందు తెలీదు, పోయింది మళ్లీ రాదు. ఎదుటివాళ్లు అంటే అర్థమవుతుంది, తమ నోటికి మాత్రం తగలదు. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. అక్కడ బండి పెట్టుకోవడానికి చోటు ఇరుకు, కుర్చీలు ఎత్తు, ఒక మాట పోతుంది, అని వరసలో చెప్పేవాళ్లు.

బ్యాంకు ఆఫీసరుకి 'రేపు' పోయింది. అప్పట్నుంచీ ఆయన బల్లమీద కాగితం నిలవడం లేదు, పాపం సగం చిక్కిపోయాడు. లెక్కల మాస్టారికి 'సులువు' పోయింది. ఇది చాలా సులువు అనకుండా పాఠం మొదలుపెట్టేసరికి పిల్లలకి లెక్కలు రావడం మొదలైంది. ఎదురింటావిడకి 'మా వాళ్లయితే' లోంచి 'అయితే' పోయింది. మా వాళ్లు, అని ఆగిపోతుంది. ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఇప్పుడు కలిసి బజారుకెళ్తున్నారు.

అంతా బాగానే ఉంది కానీ, ఇంతకీ ఆ బార్ ఎలా ఉంది, వెళ్లదగ్గదేనా అని అడిగితే మాత్రం ఒక్కరూ సూటిగా చెప్పరు. గడ్డం గోక్కుంటారు, భుజాలెగరేస్తారు, చివరికి అదే మాట. ఆ, పర్లేదు.

షాపు ఓనరు పెద్దాయనకి ఈ జవాబు అస్సలు పనికిరాలేదు. రెండో షాపు తెరుస్తున్నాడు. ఆ సంతోషంలో అందర్నీ ఎక్కడికైనా తీసుకెళ్లాలని ఉంది. ఆ బార్‌కే వెళ్దామని కౌంటర్‌లోవాళ్లు, అంత హడావిడి మనకెందుకని లెక్కలు చూసే ఆవిడ, మాట పోతే ఎవరు జవాబుదారీ అని స్క్రూ. స్క్రూ భయం వేరే. వాడి పెళ్లి కుదిరింది. పెళ్లి చూపుల్లో వాడు పలికిన మాటే ఒకటి, 'ఊఁ' అని. అది కాస్తా పోతే అమ్మాయితో ఏం మాట్లాడాలి?

"లెన్సమ్మా, ముందు నువ్వెళ్లి చూసిరా తల్లీ," అన్నాడు పెద్దాయన. "బాగుందో లేదో తేల్చి చెప్పు. నీకేం ఇబ్బంది లేదుగా?"

"పర్లేదండీ, వెళ్తాను."

రెండో షాపు మాటెత్తితే చాలు, లెన్సమ్మ చేతిలో గుడ్డ బిళ్లమీదే ఆగిపోయేది. ఆ షాపు గోడలకి ఇంకా సున్నం తడి ఆరలేదు. ఒకరోజు తాళం అడిగి తీసుకుని ఒక్కతే వెళ్లి చూసొచ్చింది. పరీక్ష కుర్చీ ఎక్కడ వెయ్యాలో, అక్షరాల బోర్డు ఏ గోడకి కొట్టాలో నిలబడి, కూర్చుని, ఒక కన్ను మూసి కూడా చూసుకుంది. ఆ షాపు తను చూసుకోవాలని ఆమెకి ఉంది. అడగలేదు. ఈలోగా పెద్దాయన అల్లుడు రోజూ వచ్చి షోకేసు ముందు నిలబడి నల్లకళ్లజోళ్లు పెట్టుకుని తన ముఖం తనే చూసుకుంటున్నాడు. కొత్త షాపు ఆయనకేనని లెక్కలావిడ చెవిలో వేసింది.

ఇంట్లో పిన్నికి ఇదంతా తెలుసు. లెన్సమ్మని చిన్నప్పుడే తెచ్చి పెంచింది పిన్నే. కిటికీ తెరలు కుట్టి బతికింది, ఇప్పటికీ కుడుతోంది. పెదాలమధ్య గుండుసూదులు పట్టుకుని మాట్లాడటం ఆవిడకి అలవాటు. సూదులు ఉన్నప్పుడు మాటలు ముద్దగా వస్తాయి, కోపం వస్తే సూదులు తీసి పక్కన పెడుతుంది. ఆ సాయంత్రం తీసి పక్కన పెట్టింది.

"అడిగావా ఆయన్ని?"

"పర్లేదులే పిన్నీ. ఆయన ఇష్టం."

"ఆయన ఇష్టం ఆయన చూసుకుంటాడు. నీది ఎవరు చూస్తారు?"

లెన్సమ్మ మాట మార్చడానికి బార్ సంగతి ఎత్తింది. పిన్ని ఇంకా మండిపడుతుందనుకుంది. కానీ పిన్ని ఆలోచనలో పడింది. అసలు ఆ బార్ ఏ మాట తీసుకుంటుంది అనేది ఆవిడ సందేహం. వాడి వాడి అరిగిపోయిందా, ఎప్పుడూ వాడకుండా దాచుకున్నదా? అరిగిందే అయితే మాస్టారి 'సులువు' సరిపోతుంది. దాచుకున్నదైతే? వీధి చివర తాళాలు చేసేవాడు వెళ్లొచ్చాక ఏం పోయిందో నేటికీ తేలలేదు. అంటే అది వాడు ఎప్పుడూ పైకి అననిది అన్నమాటేగా. ఇద్దరూ తెర గుడ్డ చెరో కొస పట్టుకుని మడతపెడుతూ, ఊళ్లోవాళ్లని ఒక్కొక్కరినీ తలుచుకుంటూ ఇటూ అటూ వాదించుకున్నారు. తెర మడత పూర్తయి ఇద్దరూ దగ్గరికి వచ్చేసరికి పిన్ని ఆగింది.

"పోయేది 'పిన్ని' అయితే?"

వెళ్లనని చెప్పేస్తానంది లెన్సమ్మ. పిన్ని ఆమె ముఖం చూసింది. ఇలాంటి కుతూహలం ఆ ముఖంలో చాలా రోజులకి కనబడింది.

"వెళ్లు. నాకూ తెలుసుకోవాలనే ఉంది," అంది మళ్లీ సూదులు అందుకుంటూ. "లోపల మాత్రం నా ఊసెత్తకు. నోట్లోంచి బయటపడితేనే కదా పోయేది."

మర్నాడు షాపు మూశాక ఇంకా ఎండ ఉండగానే వెళ్లింది లెన్సమ్మ. మెట్లమీద వరస. వరసలో ముందున్నవాళ్లు వెనకవాళ్లకి, వెనకవాళ్లు ముందున్నవాళ్లకి ఫొటోలు తీస్తున్నారు. లోపల చల్లగా, నీలంగా ఉంది. పాట ఎంత గట్టిగా ఉందంటే ఎవరి మాట వాళ్లకే వినబడటం లేదు. స్టూలు మీద కూర్చుంటే కాళ్లు నేలకి అందలేదు. పక్కనున్నతను తన గ్లాసుని ఫొటో తీస్తూ తాగడం మర్చిపోయాడు.

కౌంటరు పైన గ్లాసులు తలకిందులుగా వేలాడదీసి ఉన్నాయి. వందలు. పాటకీ పాటకీ మధ్య ఖాళీలో లెన్సమ్మకి వాటిలోంచి సన్నటి గుసగుస వినిపించింది. మెడ సాచి ఒకదానికింద చెవి పెట్టింది. రేపు, అంటోంది గ్లాసు, బ్యాంకు ఆఫీసరు గొంతుతో. దాని పక్కది సులువు, సులువు అని ఎవరో పిల్లల్ని బుజ్జగిస్తున్నట్టు అంటోంది. వెనక వరసలో ఒకటి మరీ మెల్లగా, క్షమించు, అంది. తాళాలు చేసేవాడి గొంతు. లెన్సమ్మ చప్పున చెవి తీసేసింది, ఎవరిదో తలుపు తట్టకుండా తోసినట్టు అనిపించి.

బార్‌లో పోసే ఆవిడ మోచేతులు కౌంటరు మీద ఆనించి ముందుకి వంగింది. చెవిపోగులు పొడుగ్గా ఉన్నాయి, కళ్లకింద నిద్రలేని గీతలున్నాయి.

"ఏం ఇమ్మంటారు? పుల్లగానా, తియ్యగానా?"

"ఏదైనా పర్లేదండీ."

ఆవిడ ఒక్క క్షణం లెన్సమ్మనే చూసింది. అచ్చం అద్దం మార్చాక లెన్సమ్మ మనుషుల్ని చూసినట్టు. ఖాళీ గ్లాసు ఒకటి తీసి తుడిచి, పైన వేలాడదీసింది. తర్వాత వేరే గ్లాసులో ఏదో పోసి ఇచ్చింది. అది పులుపూ కాదు, తీపీ కాదు. సగం గ్లాసు మంచుముక్కలే. లెన్సమ్మ మొత్తం తాగింది, కాసేపు కూర్చుంది, కాళ్లు తిమ్మిరెక్కితే దిగి వచ్చేసింది.

ఇంటి గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల మిషను చప్పుడు. నోరు తెరవడానికి భయం. చివరికి కళ్లు మూసుకుని అంది.

"పిన్నీ."

మిషను ఆగింది. వచ్చింది మాట, ఎప్పట్లాగే, చివర దీర్ఘంతో సహా. పిన్ని పరిగెత్తుకొచ్చి, ఏడుపు కప్పిపుచ్చుకోవడానికి తిట్టింది. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని పోయిన మాట కోసం వెతికారు. పిన్ని ఒక్కో మాటా అనడం, లెన్సమ్మ తిరిగి అనడం. అన్నం, నీళ్లు, చెప్పులు, కోపం, కిటికీ, అలక. అన్నీ ఉన్నాయి. ఏం పోయిందో తేలలేదు. లెన్సమ్మ రోజుకి వందసార్లు అనే ఆ ఒక్క మాటా పలకమని అడగాలని పిన్నికి తట్టనే లేదు. ఎవరికైనా ఎలా తడుతుంది, ఊపిరి ఉందా అని అడుగుతామా?

మర్నాడు పొద్దున పెద్దాయన కొత్త షాపు తాళాలు కౌంటరు మీద పెట్టి అందర్నీ పిలిచాడు. అల్లుడు పక్కన నిలబడ్డాడు. కొత్త షాపు అల్లుడు చూసుకుంటాడని చెప్పాడు పెద్దాయన. చూపు పరీక్ష అతనికి రాదు కాబట్టి లెన్సమ్మ కొన్నాళ్లు అక్కడికెళ్లి దగ్గరుండి నేర్పుతుంది, తర్వాత మళ్లీ ఇక్కడికే వచ్చేస్తుంది. చెప్పేసి, ఎప్పటిలాగే ఆమెవైపు తిరిగాడు.

"ఏమ్మా, నీకేం ఇబ్బంది లేదుగా?"

స్క్రూ తల ఎత్తనైనా లేదు. అందరికీ తెలిసిన జవాబే. లెన్సమ్మ కూడా దానికోసమే నోరు తెరిచింది. నాలుక అలవాటుగా ఆ చోటికి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేసినట్టయింది. మళ్లీ ప్రయత్నించింది. పెదాలు కలిసి విడిపోయాయి తప్ప చప్పుడు రాలేదు. షాపంతా ఆమెనే చూస్తోంది. ఆ ఖాళీలోకి, దాని వెనక ఇన్నేళ్లుగా వరసలో నిలబడి ఉన్న మాట ముందుకొచ్చింది.

"ఇబ్బందేనండీ."

స్క్రూ చేతిలోంచి మరమేకు జారి బల్లమీద పడింది. అది దొర్లుకుంటూ పోయి బల్ల అంచున ఆగింది.

"ఇబ్బందా?" అన్నాడు పెద్దాయన, ఆ మాట కొత్తగా విన్నట్టు.

"అవునండీ. ఆ షాపు నేను చూసుకోవాలనుకున్నాను. నేర్పి తిరిగొచ్చేయడానికైతే వెళ్లను."

"మరి ఇన్నాళ్లూ ఒక్కసారైనా అన్లేదేమ్మా? నీకు అక్కర్లేదనుకున్నాను."

"మీరు అడిగినప్పుడల్లా నోటికి వేరే మాట వచ్చేదండీ."

పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు, షాపులో అంత మెత్తటి గుడ్డలు పెట్టుకుని. ఆమెనీ అల్లుణ్ణీ మార్చి మార్చి చూశాడు. రెండు బిళ్లలు వేసి చూసుకుంటున్నవాడిలా ఉన్నాడు. అల్లుడు నల్లజోడు తీసి, తనకి ఈ అక్షరాల బోర్డు చూస్తేనే తల తిరుగుతుంది మామయ్యా, కౌంటరు దగ్గరైతే ఉంటాను అని గొణిగాడు. అతన్ని కూడా ఇంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు.

"అక్షరాల బోర్డు ఏ గోడకి కొట్టిద్దాం?" అన్నాడు పెద్దాయన చివరికి, తాళాలు ఆమె వైపు జరుపుతూ.

"లోపలి గోడకండీ. కిటికీ ఎదురుది వద్దు, సాయంత్రం ఎండ పడుతుంది."

తాళాలు అరచేతిలో బరువుగా ఉన్నాయి. లెన్సమ్మ వాటిని పరీక్ష పెట్టె పక్కన పెట్టి, మిగిలిన బిళ్లలు తుడవడానికి కూర్చుంది. స్క్రూ తన స్టూలు ఈడ్చుకుంటూ పక్కకి చేరాడు.

"అది సరే, ఇంతకీ బార్ ఎలా ఉంది? సాయంత్రం అమ్మాయివాళ్లకి ఫోను చెయ్యాలి, ఆలోపు బార్‌కి వెళ్లాలో వద్దో తేల్చుకోవాలి."

లెన్సమ్మ నిజంగానే ఆలోచించింది. ఎత్తు స్టూలు, నీలం వెలుతురు, చెవులు చిల్లులుపడే పాట, మంచుముక్కల్లో మునిగిన ఏదో రుచి. దానికి సరిగ్గా సరిపోయే మాట ఒకటుంది. అది ఇప్పుడు ఆ కౌంటరు పైన తలకిందులుగా వేలాడుతోంది.

"బాలేదు," అంది.

"అయితే వద్దంటావ్."

"వెళ్లు."

స్క్రూ కళ్లు చిట్లించాడు. "ఇదో అదో చెప్పు తల్లీ."

"చెప్పాగా," అంది లెన్సమ్మ, ఒక బిళ్లని వెలుతురుకి ఎత్తి చూస్తూ. "బాలేదు. వెళ్లిరా."